వినోదక్క మాట మార్చిన నాణెం

కిందటి వారం దుబాయ్‌లోని కరామాలో ఒక బ్యూటీ పార్లర్‌లో నా వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి గోళ్ళరంగు తుడుచుకోవడానికి చిన్న సీసా మూత తీసింది. ఆ ఘాటైన వాసన ముక్కుకు తగలగానే నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే వంగి, కనపడని బిళ్ళనేదో అంచుల మీద పట్టుకున్నట్టు నిలిచాయి. నాకే నవ్వొచ్చింది. అసిటోన్ వాసన అందరికీ గోళ్ళను గుర్తు చేస్తుందేమో, నాకు మాత్రం వినోదక్కను గుర్తు చేస్తుంది. పాత వెండి నాణేలకు అంటుకున్న జిగురూ జిడ్డూ వదలడానికి ఆవిడ వాటిని అసిటోన్‌లో ముంచి తీసేది. వెండికి దానివల్ల ఏ హానీ ఉండదు. అందుకే ఆవిడ చీర చెంగు ఎప్పుడూ ఆ వాసనా, నోట్లో నలిగే ఏలక్కాయ వాసనా కలిసి కొట్టేది.

ఆవిడను మీరు చూసి ఉండరు కనుక కొంచెం చెప్పాలి. పొట్టి మనిషి, అరవైకి దగ్గర పడిన వయసు. నూలు చీర కట్టి దాని కింద పరుగు పందేనికి వెళ్ళేవాళ్ళలా తెల్లటి బూట్లు వేసుకునేది. మెడలో ఒక నల్లతాడు, దానికి చిన్న భూతద్దం. జోకు పూర్తి కాకముందే తనే నవ్వేసేది, ఆ తర్వాత మిగతా జోకు చెప్పడం కుదిరేది కాదు. హనుమకొండలో పుట్టి, పెళ్ళయ్యాక షార్జా వచ్చి, చాలా ఏళ్ళు ఒక మనీ ఎక్స్ఛేంజిలో క్యాషియరుగా పనిచేసింది. అక్కడి కౌంటరు మీద రకరకాల దేశాల వాళ్ళు జేబులు దులిపి పెట్టే చిల్లర చూసి చూసి ఆవిడకు నాణేల పిచ్చి పట్టింది. పుస్తకాలు తెప్పించుకుని చదివింది, విదేశీ సంస్థ ఒకటి పెట్టే పరీక్షలు రాసింది. నేను చూసేనాటికి డేరా అనే పేటలో పాత నాణేలు అమ్మే మా దుకాణంలో ఆవిడదే ఆఖరి మాట. ఒక నాణెం అసలుదా నకిలీదా, అసలుదైతే ఎంత బాగా మిగిలి ఉంది అన్నది ఆవిడ చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి.

నేను ఆ దుకాణానికి వెళ్ళింది ఇష్టపడి కాదు. మాది రాజమండ్రి. మా ఆయన కిరణ్‌కు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. నేనొక ట్రావెల్ కంపెనీలో వెబ్‌సైటు ఫొటోల పని చేసేదాన్ని. 2020లో విమానాలు ఆగిపోయాయి, వాటితో పాటు మా కంపెనీ కూడా. ఏడాది పాటు ఇంట్లో కూర్చున్నాను. తర్వాత తెలిసినావిడ ఒకరు, నాణేల దుకాణంలో ఫొటోలు తీసే మనిషి కావాలట అని చెబితే వెళ్ళాను. పని పోయినందుకన్నా, ఆ పాత ఆఫీసు నాలో వదిలిపెట్టిన భయం వల్ల ఎక్కువ ఇబ్బంది పడుతున్న రోజులవి. అక్కడ ఏదైనా పొరపాటు జరిగితే దాన్ని సరిచేయడం తర్వాత సంగతి, ముందు అది ఎవరిదో తేల్చేవారు. అందుకని ఏ మాటా గట్టిగా అనకుండా బతకడం నేర్చుకున్నాను. అడిగిన ప్రతిదానికీ "ఏమోనండీ", "అయ్యుండొచ్చండీ", "అనుకుంటానండీ" అనడం నాకు అలవాటైపోయింది.

మొదటి రోజే వినోదక్క దాన్ని పట్టేసింది. నల్ల మఖమలు పరిచిన పళ్ళెంలో ఒక వెండి నాణెం పెట్టి నా ముందుకు జరిపింది. ఏం కనపడుతోందని అడిగింది. పాత అమెరికా నాణెమేమో అనుకుంటానండీ అన్నాను.

"అది నువ్వనుకునేది. నేనడిగింది కనవడేది" అంది. "నీ మాటలకు తోకలెక్కువున్నయి పిల్లా. మెల్లగ కత్తిరిద్దాం తియ్."

అలా కత్తిరించడం మొదలైంది. ముందు నాణేన్ని ఎలా పట్టుకోవాలో చూపించింది. ముఖం మీద వేలు పడకూడదు, అంచుల మీదే పట్టుకోవాలి, కింద మెత్తటి గుడ్డ ఉండాలి. తర్వాత కనపడేది ఒక్కొక్కటీ చెప్పమంది. టోపీ పెట్టుకున్న ఆడమనిషి, భుజం మీదికి జారిన ఉంగరాల జుట్టు, చుట్టూ నక్షత్రాలు అన్నాను. నక్షత్రాలెన్ని, ఏ పక్క ఎన్ని అని అడిగింది. వెనక గద్ద ఏ కాలితో ఏం పట్టుకుందని అడిగింది. అంచు తిప్పి చూశావా అని అడిగింది. నాణేనికి అంచు కూడా ఒక ముఖమేనని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ అర డాలరు అంచులో దాని విలువ అక్షరాలుగా చెక్కి ఉంది. కనపడేవన్నీ చెప్పడం అయ్యాకే అది ఏమిటన్న ప్రశ్న రావాలనేది ఆవిడ పద్ధతి. పేరు ముందే అనుకుంటే ఆ పేరుకు సరిపోయేవే కళ్ళు వెతుక్కుంటాయట.

తర్వాత స్థాయి కట్టడం. ఒకటి నుంచి డెబ్బై దాకా కొలబద్ద ఉంటుంది. డెబ్బై అంటే ఇప్పుడే అచ్చులోంచి ఊడిపడినట్టు, ఒకటి అంటే ఫలానా నాణెమని పోల్చుకోగలిగితే అదే గొప్ప. మధ్యలో ఉన్నదంతా చూపు పని. తొలినాటి అమెరికా వెండి నాణేలతో తంటా ఏమిటంటే, అప్పటి యంత్రాలకు బలం చాలక కొన్నిచోట్ల బొమ్మ సరిగా పడేదే కాదు. ఆ చోటు చదునుగా కనపడితే అరిగిపోయిందని తొందరపడి స్థాయి తగ్గించేస్తాం. వినోదక్క తన టేబుల్ మీద రబ్బరు స్టాంపు తీసి ఒక కాగితం మీద తేలిగ్గా ఆనించింది. ఇంకో కాగితం మీద గట్టిగా కొట్టి, దాన్ని వేలితో రుద్దింది. రెండింటిలోనూ మధ్య అక్షరాలు లేవు. "ముద్ర సరిగ వడలేదా, వడ్డంక అరిగిందా? గీ ఒక్క ముచ్చట తెలిస్తె సగం పని అయినట్టే" అంది. అరిగిన చోట వెండి నున్నగా, జారుడుగా కనపడుతుంది. ముద్ర పడని చోట వెండి రేకుకు పుట్టుకతో ఉన్న గరుకుతనం ఉంటుంది. దాన్ని చూడగలగడానికి నాకు నెలలు పట్టింది.

ఈలోగా నా ఫొటోలు ఆవిడకు ఒక్కటీ నచ్చేవి కావు. ట్రావెల్ కంపెనీలో సముద్రాన్నీ హోటళ్ళనీ మెరిపించిన చేయి కదా, నాణేల్ని కూడా మెరిపించేదాన్ని. పెళ్ళి ఫొటోల్లా ఉన్నాయనేది. "అందం నాకెందుకు? మచ్చ కనవడాలె. కొనేటోనికి మచ్చ సూపెట్టాలె" అనేది. దీపాలన్నీ మార్చి చూశాను, తెల్ల కాగితాలు అడ్డం పెట్టి చూశాను. చివరికి ఒకే ఒక్క దీపాన్ని టేబుల్‌కు సమానంగా, బాగా కిందకు దించి పక్కనుంచి వేస్తే, సాయంత్రపు ఎండలో ఇసుక మీద ప్రతి గవ్వకూ నీడ పడినట్టు నాణెం మీది ప్రతి గీతకూ నీడ పడింది. ఆ ఫొటోను వినోదక్క అంచు నుంచి అంచు దాకా చూసింది. తన టిఫిన్ డబ్బాలోంచి రెండు సకినాలు తీసి నా కీబోర్డు పక్కన పెట్టింది. ఆ రోజు నుంచి మేడమ్ అనడం మానేసి అక్కా అన్నాను.

ఉమ్ సాలిమ్ వచ్చింది ఆ రోజుల్లోనే. కొండల అవతల, తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్ నుంచి వచ్చిన పెద్దావిడ. వెంట ఆవిడ మనవరాలు మరియం. ఉమ్ సాలిమ్ అంటే సాలిమ్ తల్లి అని అర్థం, ఇక్కడ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు. మరియం పెళ్ళికి పాత హారాన్ని బాగు చేయించి వేయాలని, ముందు దాన్ని తెలిసినవాళ్ళకు చూపించాలని తెచ్చారు. ఉమ్ సాలిమ్ గుడ్డమూట విప్పింది. ఏడు పెద్ద వెండి బిళ్ళలతో బరువైన హారం. ఆవిడ జద్ద, అంటే అమ్మమ్మది. అమ్మమ్మ తండ్రి పడవల మీద మస్కట్ దాకా, ఇంకా ఆవలిదాకా తిరిగిన నావికుడట. ఏడు దేశాలు చూశాడో లేదో గానీ ఏడు మంచి వెండి బిళ్ళలు తెచ్చాడని అమ్మమ్మ చెప్పేదని ఆవిడ నవ్వుతూ చెప్పింది.

వాటిలో ఆరు మాకు బాగా తెలిసినవే. ఆస్ట్రియా మహారాణి బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణేలు ఒకప్పుడు ఈ ఎడారి దేశాలన్నిటా చెలామణి అయ్యేవి, పాత నగల్లో తరచుగా కనపడతాయి. ఏడోది వేరు. రిబ్బను కట్టిన జుట్టుతో ఒక స్త్రీ, కింద 1799, వెనక డాలు ధరించిన గద్ద. దాని చుట్టూ వెండి పట్టీ వేసి, పైన కొక్కెం టంకం పెట్టి అతికించారు. అందువల్ల అంచు చూసే వీలు లేదు, తూకం వేసినా పట్టీతో కలిపి వేయాల్సిందే. ముఖం మీద అడ్డంగా సమాంతరమైన గీతలున్నాయి. నుదుటి మీది జుట్టు చదునుగా ఉంది. అప్పటికి కొన్ని వారాలుగా, ఆన్‌లైన్‌లో కొన్న అదే రకం నకిలీ డాలర్లు పట్టుకుని వరసగా జనం వస్తున్నారు. వినోదక్క భూతద్దంతో చూసింది గానీ ఎక్కువసేపు చూడలేదు. ఆరు అసలువి, ఇది మాత్రం తర్వాతెప్పుడో చేరిన బజారు సరుకు అని తన హిందీ కలిసిన అరబ్బీలో మర్యాదగానే చెప్పింది.

ఉమ్ సాలిమ్ వాదించలేదు. హారాన్ని మళ్ళీ మూట కడుతూ, అయితే మా జద్దకు తెలియదన్నమాట అని మాత్రం మెల్లగా అంది. మరియం ఆవిడ భుజం మీద చేయి వేసింది. ఈ ఏడోదాన్ని తీయించేసి మిగతా ఆరింటిలాంటిదే ఇంకో మంచి బిళ్ళ వేయిద్దామని, దీన్ని కరిగిస్తే కొక్కేలకు పనికొస్తుందని మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. నేను రికార్డు కోసం అంతకుముందే ఏడింటికీ రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టాను.

వారం గడిచాక ఒక ఉదయం నేను ఆ ఫొటోల్ని కంప్యూటర్‌లో పేర్లు పెట్టి సర్దుతున్నాను. వినోదక్క టీ కప్పుతో నా వెనకగా పోతూ ఆగింది. ఆ ఏడో నాణేన్ని పెద్దది చేయమంది. ఇంకా పెద్దది చేయమంది. తెర నిండా ఒకే ఒక నక్షత్రం, దాని పక్కన జుట్టు కొంచెం. కప్పు టేబుల్ మీద పెట్టి కళ్ళజోడు పైకి తోసుకుంది. తెర మీదికి వంగింది. నాకు భయం వేసింది, ఫొటో పాడయిందేమోనని.

"గీతలు నక్షత్రాన్ని కోస్తలేవు" అంది చివరికి. "నక్షత్రం దగ్గరికొచ్చి ఆగిపోతున్నయి. మళ్ళ అవతల మొదలైతున్నయి. నక్షత్రమే గీతల మీద కూసున్నది."

నాకు అర్థం కాలేదు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. ఆ కాలంలో టంకశాలలో ప్రతి వెండి బిళ్ళనూ ముద్ర వేయకముందే తూచేవారు. బరువు ఎక్కువైతే ఆకురాయితో గీకి తగ్గించేవారు. ఆ తర్వాతే ముద్ర వేసేవారు. కాబట్టి గీతలు ముందు, బొమ్మ తర్వాత. ముద్ర బలంగా పడినచోట గీతలు చెరిగిపోతాయి, పడనిచోట మిగులుతాయి. ఎవరో తర్వాత గీకిన గీతలైతే నక్షత్రం మీదుగా కూడా పోవాలి. నకిలీ చేసేవాళ్ళు గీతల్ని కూడా పోతపోసే వీలుంది గానీ, అప్పుడు వాటి మొనలు ఇంత పదునుగా ఉండవు. నుదుటి మీద జుట్టు చదునుగా ఉన్నది కూడా అరగడం వల్ల కాదు, అక్కడ వెండి గరుకుగానే ఉంది. ఇవన్నీ నా పక్కదీపం ఫొటోలో స్పష్టంగా కనపడుతున్నాయి. దుకాణంలో పైదీపం కింద, హడావిడిలో కనపడలేదు.

"గాయమనుకున్న, పుట్టుమచ్చ గిది" అంది వినోదక్క. తర్వాత నా వైపు తిరిగి, చాలా మామూలుగా, టీ చల్లారిందని చెప్పినట్టు అంది. "నేను తప్పు జెప్పిన శైలజా."

ఆ మాట అంత తేలిగ్గా ఎవరి నోటైనా రావడం నేను చూడలేదు. ఆవిడ మొహంలో బెదురు లేదు, బింకం లేదు. ఇంకా చెప్పాలంటే కొంచెం ఉత్సాహంగా ఉంది. వెంటనే మరియంకు ఫోన్ చేసింది. హారం నిన్ననే ఖోర్ ఫక్కాన్ బజారులో కరీం భాయ్ అనే వెండిపని ఆయనకు ఇచ్చామని, ఏడో బిళ్ళ విడదీసి కరిగించమన్నామని మరియం చెప్పింది. ఆయన ఫోన్ ఎత్తడం లేదట. వినోదక్క హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. మా ముదీర్, అంటే దుకాణం మేనేజరు, అడ్డుపడ్డాడు. అసలు కచ్చితంగా తేలిందా, తేలకుండా మనమే తప్పు చెప్పామని ఎందుకు ఒప్పుకోవాలి, ఒక ఈమెయిలు పంపితే చాలదా అన్నాడు. సెలవు రాసుకో అని ఆయనకు చెప్పి, "యల్లా, పా" అని నన్ను బయలుదేరదీసింది.

ఆవిడ కారు నడిపితే పక్కన కూర్చున్నవాళ్ళకు దేవుడు గుర్తొస్తాడు, అది వేగం వల్ల కాదు, నెమ్మది వల్ల. వెనకనుంచి లారీలు హారన్లు కొడుతుంటే వాటికి చెయ్యి ఊపుతూ, ఏదో బతుకమ్మ పాట కూనిరాగం తీస్తూ నడిపింది. కరిగించేస్తారేమోనని నేను మాటిమాటికీ గడియారం చూస్తున్నాను. కొండల్లో సొరంగాలు మొదలయ్యాక ఉండబట్టలేక అడిగాను. మరియంకు ఫోన్లో విషయం చెప్పేశాం కదా అక్కా, కరిగించకుండా ఆపమన్నాం కదా, ఇంత దూరం మనం వెళ్ళడం ఎందుకు అని.

"ఆమె అమ్మమ్మ మాట అబద్ధమని మొఖం మీద చెప్పిన. తప్పు మొఖం మీద జెప్పి, ఒప్పు ఫోన్ల జెప్తె ఎట్లుంటది?" అంది. ఇంకో లారీకి చెయ్యి ఊపి, "గంతెందుకు, నాక్కూడ దాని అంచు చూడాలెనని ఉన్నది" అని తనే నవ్వింది.

సొరంగం దాటగానే కింద సముద్రం, రేవులో ఎర్రటి క్రేన్లు కనపడ్డాయి. నేరుగా బజారుకు వెళ్ళాం. ఉమ్ సాలిమ్, మరియం అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. దుకాణం మూసి ఉంది. కరీం భాయ్ మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాడని, ఫోన్ కౌంటరు మీదే మరిచిపోయాడని పక్క కొట్టు ఆయన చెప్పాడు. అద్దంలోంచి చూస్తే కౌంటరు మీద హారం పరిచి ఉంది. అందులో ఆరు బిళ్ళలే ఉన్నాయి. నేను అద్దానికి ముఖం ఆనించి ఏడోదాని కోసం వెతికాను. వినోదక్క మాత్రం ఉమ్ సాలిమ్ దగ్గరికి వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఆ రోజు తను సరిగా చూడలేదని, తొందరపడ్డానని, ఆ నాణెం అసలుదేనని ఇప్పుడు తన నమ్మకమని, అంచు చూస్తే పూర్తిగా తేలుతుందని తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది. మధ్యలో మాట దొరక్క ఆగితే మరియం అందించింది. ఉమ్ సాలిమ్ ఆవిడను ఎగాదిగా చూసి, దీనికోసం దుబాయ్ నుంచి వచ్చారా అని అడిగింది. అవునంది వినోదక్క. పెద్దావిడ ఆ మెట్ల మీదే పక్కన చోటు చూపించి కూర్చోబెట్టుకుంది.

కరీం భాయ్ పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. నలుగురు ఆడవాళ్ళు తన మెట్ల మీద కూర్చుని ఉండడం చూసి కంగారుపడ్డాడు. సింధ్ ప్రాంతపు ముసలాయన, మెత్తటి మనిషి. తలుపు తీసి, ముక్కలూ తునకలూ వేసుకునే రేకు డబ్బాను బోర్లించాడు. తెగిన గొలుసు ముక్కల మధ్య, పట్టీ ఊడదీసిన ఆ నాణెం పడింది. కొలిమి సాయంత్రం వెలిగిద్దామనుకున్నాడట. పనిలో పనిగా మెరుగు పెట్టి ఇస్తానని గుడ్డ, పొడి తీశాడు. వినోదక్క ఆ నాణెం మీద అరచెయ్యి మూసేసి, "కరీం భాయ్, ఆప్ చాయ్ పీజియే" అంది. ఆయన నిజంగానే టీ తెప్పించాడు.

ఆ కౌంటరు మీదే పని మొదలుపెట్టింది. ముందు తూకం. ఇరవై ఏడు గ్రాములకు కాస్త తక్కువ, చేతులు మారి కొంత అరిగిన నాణేనికి ఉండాల్సిన బరువే. తర్వాత అంచు. నాణేన్ని నిలబెట్టి, రెండు వేళ్ళ మధ్య అంగుళం అంగుళం తిప్పుతూ, నన్ను చదవమంది. టంకం మరకల మధ్య నుంచి లోపలికి దిగిన అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. హండ్రెడ్ సెంట్స్, ఒక చిన్న అలంకారం, ఒన్ డాలర్ ఆర్ యూనిట్. అక్షరాలన్నీ ఉన్నాయక్కా అన్నాను. నా వాక్యం చివర తోక లేదని నాకు తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది. ఆవిడ ముఖం వైపు తిప్పింది. పదమూడు నక్షత్రాలు, ఎడమన ఏడు, కుడివైపు ఆరు. వెనక గద్ద కుడికాలిలో బాణాలు, ఎడమకాలిలో ఆలివ్ కొమ్మ. రెక్కల్లో ఈకలు చాలావరకు విడివిడిగా ఉన్నాయి, భుజం మీది గుడ్డ మడతలు కనపడుతున్నాయి, ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రం అరిగాయి.

అది మంచిదా కాదా అని ఉమ్ సాలిమ్ సూటిగా అడిగింది. అసలుదే, అందులో అనుమానం లేదని చెప్పింది వినోదక్క. బొమ్మ మిగిలిన తీరు చూస్తే ముప్పై స్థాయిలో నిలుస్తుంది. కానీ టంకం దెబ్బ తగిలింది, ఎప్పుడో ఎవరో తోమారు కూడా. అందుకని ఆ అంకె ఒక్కటే చెబితే మోసమవుతుంది, గాయాన్ని కూడా పక్కనే చెప్పాలి అంది. అమెరికా నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందని మరియం అడిగింది. ఆ కాలంలో అమెరికా ఓడలు మస్కట్‌కు వచ్చేవని తను చదివానని, కానీ ఈ నాణెం వాటిలో వచ్చిందో లేదో తనకు తెలియదని, తెలియనిది చెప్పలేనని వినోదక్క నవ్వింది.

ఉమ్ సాలిమ్ నాణేన్ని తన అరచేతిలోకి తీసుకుంది. మేము పట్టుకునే పద్ధతిలో కాదు, చిన్నపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు గుప్పిట మూసింది. వినోదక్క వద్దనలేదు. "అయితే మా జద్ద నిజమే చెప్పింది" అంది పెద్దావిడ. ఈసారి ఆవిడ గొంతులో మరో రంగు ఉంది. మరియం చటుక్కున తల పక్కకు తిప్పుకుంది.

తర్వాత మమ్మల్ని కదలనిస్తారా. ఇంటికి తీసుకెళ్ళి చేపలన్నం పెట్టారు. వినోదక్క రెండుసార్లు వడ్డించుకుని, మూడోసారి వద్దంటూనే పళ్ళెం ముందుకు జరిపింది. ఉమ్ సాలిమ్ అమ్మమ్మ కబుర్లు చెబుతుంటే, ఆవిడ అరబ్బీకి వినోదక్క తన హనుమకొండ తెలుగు తగిలిస్తూ ఏదో చెబుతుంటే, ఇద్దరూ ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థం కాకపోయినా పడి పడి నవ్వుకున్నారు. తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళినవాళ్ళం ఇలా పళ్ళెంలో చేప ముల్లు ఏరుకుంటూ కూర్చుంటామని పొద్దున నేను ఊహించలేదు.

మా ముదీర్ ఆ నాణేన్ని అమ్మకానికి తీసుకురమ్మని గట్టిగానే అడిగాడు. ఉమ్ సాలిమ్ ఒప్పుకోలేదు, ఏడూ కలిసే ఉండాలంది. వినోదక్క ఆవిడ వైపే నిలబడింది. పైగా టంకం పెట్టకుండా నాణేన్ని అంచుల మీద బిగించి పట్టే పట్టీ ఎలా చేయాలో ఫోన్లో కరీం భాయ్‌తో గంటలు గంటలు మాట్లాడింది. ముదీర్ కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. దానికి తోడు ఈవిడ ఆ కథను దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ తనే చెప్పేది, తను ఎలా తప్పు చెప్పిందో, కరీం భాయ్ పొడి డబ్బా ఎలా తీశాడో నటించి మరీ చూపించేది. మన పరువేం కావాలని ముదీర్ తల పట్టుకునేవాడు. కానీ నేను గమనించాను, ఆ కథ విన్నవాళ్ళు మర్నాడు ఇంట్లో దాచిన ఇంకో నాణెం కూడా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేవారు. మరియం పెళ్ళికి మమ్మల్నిద్దర్నీ పిలిచారు. ఆడవాళ్ళ విందులో హారం వేసుకుని కూర్చున్న పెళ్ళికూతురి దగ్గరికి వినోదక్క ముద్దు పెట్టుకోవడానికని వంగి, పట్టీ వదులయిందేమోనని ఏడో నాణెం అంచు తడిమి చూసింది. మరియం పకపకా నవ్వేసింది.

కొన్నాళ్ళ కిందట ఆవిడ ఉద్యోగం మానేసి హనుమకొండ వెళ్ళిపోయింది. వీడియో కాల్ చేస్తే నా మొహం కన్నా ముందు నా వెనక దీపం ఎక్కడుందో చూస్తుంది. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. పళ్ళెంలో నాణెం పెట్టి వెంటనే తేల్చి చెప్పమని తొందరపెట్టేవాళ్ళు రోజూ వస్తారు. కనపడేది చెబుతాను, తెలియనిది తెలియదని చెబుతాను. చెప్పిన మాట మార్చాల్సి వస్తే మెసేజ్ పెట్టను, ఫోన్ చేస్తాను, వీలైతే ఎదురుగా వెళ్తాను. ఫోన్ అవతల మనిషి ఎత్తేదాకా ఇప్పటికీ పెట్టేద్దామా అనిపిస్తూనే ఉంటుంది. అయినా చేస్తాను. పాత ఆఫీసులో ఉన్న శైలజ అయితే ఆ నంబరు పోయిందనేది.

మొన్న మా అమ్మాయి మేఘన లెక్కల హోంవర్కు చేస్తూ, ఒక జవాబు తప్పు పడిందని రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిరిగేదాకా తెచ్చింది. కళ్ళలో నీళ్ళు. పక్కన కూర్చుని, తర్వాతి లెక్కలో పొరపాటు వస్తే రబ్బరు వాడొద్దని, దాని మీద ఒక్క గీత కొట్టి కింద సరైనది రాయమని చెప్పాను.

"అప్పుడు నేను తప్పు చేశానని టీచర్‌కి కనపడిపోతుంది కదమ్మా" అంది.

"కనపడనీ" అన్నాను. "దిద్దుకున్నావని కూడా కనపడుతుంది."

అది కాసేపు పెన్సిలు చివర కొరుకుతూ ఆలోచించింది. తర్వాత స్కేలు తీసుకుని, తప్పు మీద చాలా శ్రద్ధగా, తిన్నగా ఒక గీత గీసింది.